నల్లకోటు ఏ దేశంలో వేసుకోవాలో ముందు తేల్చుకోండి

ప్రశ్న: మాది హనుమకొండ. మా పాప ఇంటర్ సెకండియర్, సీఈసీ. ఇంటర్నేషనల్ లా చదివి, నెదర్లాండ్స్‌లో అంతర్జాతీయ కోర్టులున్న ది హేగ్‌లో పనిచేయాలని రెండేళ్లుగా ఒకటే పట్టు. నేషనల్ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ రాసింది గానీ హైదరాబాద్‌లోని నల్సార్‌లో సీటొచ్చే ర్యాంకు కాదు. నెదర్లాండ్స్‌లో మూడేళ్ల ‘ఇంటర్నేషనల్ అండ్ యూరోపియన్ లా’ ఎల్‌ఎల్‌బీకి ఒక యూనివర్సిటీ షరతులతో ఆఫర్ లెటర్ ఇచ్చింది. ఇంకోపక్క ఒక కన్సల్టెన్సీ వాళ్లు రెండేళ్లు ఇక్కడ, రెండేళ్లు బ్రిటన్‌లో చదివే కోర్సు ఉందని, రెండు డిగ్రీలు చేతికొస్తాయని అంటున్నారు. ఎక్కడ చదివినా తిరిగొచ్చి హైకోర్టులో ప్రాక్టీసు చేసుకోవచ్చట. ఇంటి మీద లోను తీసుకుంటే మొత్తం 45 లక్షల దాకా పెట్టగలం. మా రెండు వైపుల్లోనూ లాయర్లు ఎవరూ లేరు. ఏది ఎంచుకోవాలి?

సమాధానం: మీ ఉత్తరంలో అన్నిటికంటే ఖరీదైన మాట కన్సల్టెన్సీ వాళ్లదే: ‘ఎక్కడ చదివినా తిరిగొచ్చి హైకోర్టులో ప్రాక్టీసు చేసుకోవచ్చు.’ అది పచ్చి అబద్ధం కాదు. కానీ దాని వెనకున్న షరతులు మీకు చెప్పలేదు. కోర్సుల సంగతి తర్వాత, ముందు ఆ షరతులు చూద్దాం.

మన దేశంలో అడ్వొకేట్‌గా ఎన్‌రోల్ కావడానికి 1961 నాటి అడ్వొకేట్స్ యాక్టు 24వ సెక్షన్ దారి. విదేశీ లా డిగ్రీతో కూడా ఆ దారిన రావచ్చు, లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆ డిగ్రీని గుర్తిస్తే. ఎప్పుడు గుర్తిస్తుందో 2008 లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్‌లోని 37వ రూల్ చెబుతుంది. ఇంటర్ కాగానే చేరిన కోర్సయితే అయిదేళ్లకు తగ్గకూడదు. ఏదైనా డిగ్రీ పూర్తిచేసి చేరిన కోర్సయితే మూడేళ్లకు తగ్గకూడదు. రెగ్యులర్‌గా కాలేజీకి వెళ్లి చదివి ఉండాలి. ఆ యూనివర్సిటీకి బార్ కౌన్సిల్ గుర్తింపు ఉండాలి. ఇవన్నీ ఉన్నా, బార్ కౌన్సిల్ పెట్టే అర్హత పరీక్ష పాసైతేనే ఎన్‌రోల్‌మెంట్. రాజ్యాంగం, కాంట్రాక్టు చట్టం, కంపెనీ చట్టం, సివిల్ ప్రొసీజర్, క్రిమినల్ ప్రొసీజర్, వృత్తి నియమాలు ఆ పరీక్షలో వస్తాయి. అన్నీ మన దేశపు చట్టాలే. హేగ్‌లోనో లండన్‌లోనో చదివిన పిల్లకు వీటిని క్లాసులో చెప్పేవారు ఎవరూ ఉండరు.

ఇప్పుడు మీ పాప లెక్క. నెదర్లాండ్స్ కోర్సు మూడేళ్లు. చేరేది ఇంటర్ తర్వాత. అంటే రూలు అడిగే అయిదేళ్లకు రెండేళ్లు తక్కువ. ఈ లోటు పూడ్చుకోవడానికి రెండేళ్ల బ్రిడ్జి కోర్సు ఉంది; గోవాలో బార్ కౌన్సిల్ ఆధ్వర్యంలోని ఇండియా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ లీగల్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ దాన్ని నడుపుతోంది. బ్రిడ్జి కోర్సు పూర్తిచేస్తే అర్హత పరీక్ష మాఫీ అవుతుందనుకోకండి. ఏళ్ల లోటుకు బ్రిడ్జి, చట్టం తెలుసో లేదో చూడటానికి పరీక్ష, రెండూ వేర్వేరు అన్నది బార్ కౌన్సిల్ వైఖరి. ఆ తర్వాత అందరిలాగే ఆలిండియా బార్ పరీక్ష. మూడేళ్లు అక్కడ, రెండేళ్లు గోవాలో, పైన పరీక్షలు. ఇక్కడ అయిదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీలో చేరిన ఆమె క్లాస్‌మేట్ అప్పటికే ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా కుదురుకుని ఉంటుంది.

ఈ రూలు తెలియక ఇంకో రెండు చోట్ల బోల్తా పడుతుంటారు. డిగ్రీ అయ్యాక బ్రిటన్ వెళ్లేవాళ్లకు అక్కడ రెండేళ్లలో ముగిసే ఎల్‌ఎల్‌బీ దొరుకుతుంది. ఒక ఏడాది ఫీజు మిగిలిందని సంబరపడతారు గానీ, రూలు అడిగేది మూడేళ్లు కాబట్టి ఇక్కడ ఆ డిగ్రీ నేరుగా చెల్లదు. రెండోది, ఇంట్లో కూర్చుని చదివే విదేశీ దూరవిద్య ఎల్‌ఎల్‌బీ. ఫీజు చవక, పేరు గొప్ప, చదువు కూడా తేలిగ్గా తీసిపారేసేది కాదు. కానీ రెగ్యులర్ కాదు కాబట్టి నల్లకోటుకు పనికిరాదు.

‘ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ ఇప్పిస్తాం’ అని ఎవరైనా అంటే అది ఎవరిచ్చేదో అడగండి. విదేశీ డిగ్రీలకు సమానత్వం ఇచ్చేందుకు యూజీసీ 2025లో కొత్త నిబంధనలు తెచ్చింది. లా, వైద్యం, ఫార్మసీ లాంటి కౌన్సిళ్ల కిందికొచ్చే వృత్తి చదువులు వాటి పరిధిలో లేవు. లా డిగ్రీకి బార్ కౌన్సిల్ మాటే మాట. వేరే ఏ కాగితం చేతిలో ఉన్నా ఎన్‌రోల్‌మెంట్ కౌంటర్ దగ్గర అది అక్కరకు రాదు.

మా అభిప్రాయం ఇక్కడే చెప్పేస్తాం. తిరిగొచ్చి ఇక్కడ కోర్టులో నిలబడే అవకాశం మీ పాపకు ఒక్క పిసరు ముఖ్యమైనా, అయిదేళ్ల లా ఇక్కడే చదివించండి. ఆ 45 లక్షల్ని విదేశీ ఎల్‌ఎల్‌ఎం (లాలో పీజీ) కోసం దాచండి. ఇక్కడి కోర్టులు వద్దే వద్దు, యూరప్‌లోనే బతకాలి అని ఆమె తేల్చి చెబితే నెదర్లాండ్స్ కోర్సు నిజాయితీ గల దారే, కానీ మీ డబ్బుకు అందదు. రెండు ప్లస్ రెండు మాత్రం, కాగితాలు చేతికొచ్చేదాకా నమ్మాల్సిన పని లేదు. ఎందుకో ఒక్కొక్కటీ చూద్దాం.

మొదట ఆ హేగ్ సంగతి. అంతర్జాతీయ న్యాయానికంటూ ప్రపంచమంతా చెల్లే బార్ లైసెన్సు లేదు. అక్కడి పీస్ ప్యాలెస్‌లో ఉన్న అంతర్జాతీయ న్యాయస్థానంలో దేశాలే కక్షిదారులు. ఏ దేశం ఎవరిని నిలబెడితే వాళ్లు వాదిస్తారు. పాకిస్తాన్‌లో ఉరిశిక్ష పడిన కులభూషణ్ జాధవ్ కేసులో మన దేశం తరఫున వాదించిన హరీశ్ సాల్వే లా చదివింది నాగపూర్‌లో. హేగ్‌లోనే ఉన్న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో లాయర్ల జాబితాలోకి ఎక్కాలంటే కనీసం 10 ఏళ్ల అనుభవం అడుగుతారు; ఆ అనుభవం వచ్చేది ఏదో ఒక దేశపు క్రిమినల్ కోర్టుల్లో తిరిగితేనే. పైగా ఆ కోర్టులో భారత్ సభ్య దేశం కాదు. అక్కడి ఉద్యోగాల్లో సభ్య దేశాల వారికే మొదటి పీట. ఈ ఒక్క విషయం తెలియక హేగ్ అంటే క్రిమినల్ కోర్టే అనుకుని ఏళ్లు పెట్టుకునే పిల్లలున్నారు. మన తెలుగువాళ్లలో ఈ రంగంలో అందరికంటే పైకెదిగిన వారిలో ఒకరు పెమ్మరాజు శ్రీనివాసరావు. ఆంధ్రా యూనివర్సిటీలో లా చదివి, ఆ పైన అమెరికాలో యేల్‌కి వెళ్లి, మన విదేశాంగ శాఖకు న్యాయ సలహాదారుగా, ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ కమిషన్‌లో సభ్యుడిగా ఏళ్లపాటు ఉన్నారు. మొదటి డిగ్రీ విశాఖ, రెండోది విదేశం. ఈ వరస ఇప్పటికీ పనిచేస్తోంది.

ఇంకొక్క మాట. ఇంటర్నేషనల్ లా అంటే పిల్లల కళ్ల ముందు మెదిలేది యుద్ధ నేరాలు, శరణార్థులు, మానవ హక్కులు. జీతాలిచ్చే ఉద్యోగాలు ఎక్కువగా ఉన్నది మాత్రం వాణిజ్య ఒప్పందాలు, పెట్టుబడుల వివాదాలు, ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తితో వివాదం తేల్చుకోవడం), షిప్పింగ్, డేటా రక్షణ లాంటి చోట్ల. హైదరాబాద్‌లో 2021 డిసెంబరులో మొదలైన ఇంటర్నేషనల్ ఆర్బిట్రేషన్ అండ్ మీడియేషన్ సెంటర్ ఈ రెండో రకం పనికి చెందిందే. హనుమకొండ నుంచి రెండున్నర గంటల ప్రయాణం. ఇంటర్న్‌షిప్ దొరికితే హేగ్ దాకా వెళ్లకుండానే ఈ పని ఎలా ఉంటుందో తెలుస్తుంది.

ఇప్పుడు నెదర్లాండ్స్. ఇంగ్లిష్‌లో మొదటి ఏడాది నుంచీ అంతర్జాతీయ, యూరోపియన్ న్యాయం చెప్పే ఎల్‌ఎల్‌బీలు అక్కడ బాగున్నాయి. గ్రోనింగెన్‌లో ఇంటర్నేషనల్ అండ్ యూరోపియన్ లా, మాస్ట్రిక్ట్‌లో యూరోపియన్ లా స్కూల్, టిల్‌బర్గ్‌లో గ్లోబల్ లా పేరున్నవి. మూడేళ్లు, 180 క్రెడిట్లు. చదువు గట్టిది. అయితే అది డచ్ లాయరును చేసే డిగ్రీ కాదు. డచ్ బార్‌లో చేరాలంటే డచ్ చట్టంలోనే బ్యాచిలర్స్, మాస్టర్స్ చేసి ‘సివీల్ ఎఫెక్ట్’ అనే అర్హత సంపాదించాలి, అదీ డచ్ భాషలో. కాబట్టి ఈ మూడేళ్ల డిగ్రీతో అక్కడా కోటు రాదు, ఇక్కడా నేరుగా రాదు. వచ్చేది మాస్టర్స్‌కు తలుపు. ఆ తర్వాత సంస్థల్లో, కంపెనీల్లో, స్వచ్ఛంద సంస్థల్లో లీగల్ పని. చాలామందికి అది చాలు. మీ పాపకు చాలునా అన్నది మీరు కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతి.

ఆఫర్ లెటర్ మీద యూనివర్సిటీ పేరు మళ్లీ ఒకసారి చదవండి. ‘అప్లయిడ్ సైన్సెస్’ అని ఉందా? నెదర్లాండ్స్‌లో రెండు రకాల ఉన్నత విద్యాసంస్థలు ఉంటాయి. పరిశోధన యూనివర్సిటీలు ఒక రకం, వృత్తి శిక్షణకు పెద్దపీట వేసే అప్లయిడ్ సైన్సెస్ సంస్థలు ఇంకో రకం. హేగ్ నగరంలోనే రెండో రకంలో ఇదే పేరుతో ఎల్‌ఎల్‌బీ ఉంది. మామూలుగా నాలుగేళ్లు, ఇంటర్న్‌షిప్ అందులో భాగం. పని నేర్చుకోవడానికి మంచిదే. కానీ అక్కడి డిగ్రీతో లైడెన్‌లాంటి పరిశోధన యూనివర్సిటీలో మాస్టర్స్ చేయాలంటే చాలాసార్లు మధ్యలో ‘ప్రీ మాస్టర్స్’ చేయమంటారు. ఆరు నెలలో ఏడాదో అదనం, దాని ఖర్చూ అదనం. మీరు మూడేళ్లని రాశారు కాబట్టి మొదటి రకమే కావచ్చు, అయినా చూసుకోండి.

ఖర్చు. యూరప్ బయటి విద్యార్థులకు ఈ కోర్సుల ఫీజు ఏడాదికి సుమారు 10 వేల నుంచి 16 వేల యూరోలు. మధ్యస్తంగా 13 వేలు వేసుకుంటే మూడేళ్లకు 39 వేలు. నెల ఖర్చు 1,100 యూరోలకు తగ్గదు, వీసా కోసం చూపించమనే మొత్తం కూడా ఆ పైనే ఉంటుంది. 36 నెలలకు 39,600. రెండూ కలిపి 78,600 యూరోలు. యూరోను 100 రూపాయలుగా కట్టినా 78 లక్షలు దాటింది. విమానం టికెట్లు, ఇన్సూరెన్సు, ఏటా పెరిగే ఫీజు ఇందులో లేవు. మీ 45 లక్షలు రెండో ఏడాది ముగిసేలోపే అయిపోతాయి. వీసా దశలో అడిగేది మొదటి ఏడాది డబ్బే కాబట్టి అప్పుడు ఇబ్బందేమీ కనపడదు. అసలు బిగుసుకునేది రెండో ఏడాది ఫీజు కట్టే నెలలో. ‘పార్ట్‌టైమ్‌తో లాగించేస్తారు’ అనే మాటను పట్టించుకోవద్దు. వారానికి 16 గంటలకు మించి చేయనివ్వరు, అదీ యజమాని వర్క్ పర్మిట్ తీసుకుంటేనే. డచ్ రాని పద్దెనిమిదేళ్ల పిల్ల కోసం ఆ కాగితాల పని పెట్టుకునే యజమానులు తక్కువ.

మొదటి ఏడాది చదువులోనూ ఒక కత్తి వేలాడుతూ ఉంటుంది. నిర్ణీత క్రెడిట్లు రాకపోతే ఆ కోర్సులోంచి పంపించేస్తారు. గ్రోనింగెన్‌లో 60కి 45 రావాలి. విడిగా, ఏడాదికి సగం క్రెడిట్లయినా రాకపోతే యూనివర్సిటీ ఇమిగ్రేషన్ శాఖకు తెలియజేయాల్సి ఉంటుంది, రెసిడెన్స్ పర్మిట్‌కే ఎసరొస్తుంది. మన ఇంటర్‌లో వచ్చే మార్కులు చూసుకుని ధీమా పడకూడదు. అక్కడ ప్రశ్న ఒక కథలా ఇచ్చి, ఏ సూత్రం ఎందుకు వర్తిస్తుందో వాదన కట్టి రాయమంటారు. గైడ్లు బట్టీపట్టి తొంభై అయిదు శాతం తెచ్చుకున్న పిల్లలకు మొదటి సెమిస్టర్‌లో దెబ్బ తగిలేది ఇక్కడే. భాష వల్ల కాదు, రాసే పద్ధతి వల్ల.

ఇల్లు దొరకడం అక్కడ పెద్ద తలనొప్పి. గది ఖాయం కాకుండా బయలుదేరవద్దని యూనివర్సిటీలే చెబుతున్నాయి. ఆఫర్ ఒప్పుకున్న రోజే హౌసింగ్ ఫారం కూడా నింపాలి. ఇంకో చిన్న సంగతి, మన ఇళ్లలో తరచూ మరిచిపోయేది: అక్కడి మున్సిపాలిటీలో నమోదు కావడానికి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర) చేయించిన బర్త్ సర్టిఫికెట్ కావాలి. మనవాళ్లవి చాలావాటిలో పాప పేరు ఉండదు, ‘బేబీ ఆఫ్’ అని తల్లి పేరే ఉంటుంది. మున్సిపాలిటీలో పేరు చేర్పించి, పాస్‌పోర్టులో, టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి పేరు ఉంటే అప్లికేషన్ పాస్‌పోర్టులో ఉన్నట్టే నింపాలి. తేడా సవరించడానికి నెలలు పడుతుంది కాబట్టి ఎక్కడికి వెళ్లినా, వెళ్లకపోయినా ఈ పని ఇప్పుడే మొదలుపెట్టండి.

పక్క దేశాల మాట కూడా ఒకటి రెండు వాక్యాల్లో. జర్మనీలో ఫీజు తక్కువని ఎవరైనా చెబితే, మన ఇంటర్‌తో నేరుగా చేరడం కష్టమని గుర్తుంచుకోండి. ఇక్కడ ఒక ఏడాది డిగ్రీ చదవడమో, అక్కడ స్టూడియన్‌కొల్లెగ్ అనే సన్నాహక కోర్సు చేయడమో ఉంటుంది, మన చదువు కాగితాలను పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి. నిజంగా సరిహద్దులు దాటించే లా డిగ్రీలంటే బ్రెమెన్, ఓల్డెన్‌బర్గ్, గ్రోనింగెన్ కలిసి నడిపే హాన్సె లా స్కూల్, లండన్ కింగ్స్ కాలేజీ పారిస్ 1 యూనివర్సిటీతో కలిసి రెండేళ్లు లండన్‌లో, రెండేళ్లు పారిస్‌లో చదివించే డిగ్రీ లాంటివి. మొదటిదానికి జర్మన్, రెండోదానికి ఫ్రెంచ్ ధారాళంగా రావాలి. ఇలాంటి కోర్సు పెట్టేవాళ్లు ముందు భాష అడుగుతారు. రెండు దేశాల చట్టాలూ చదివిస్తాం అంటూ రెండో భాష ఊసే ఎత్తకపోతే, అక్కడ నిజంగా చదివించేది ఒక దేశపు చట్టమే.

ఇక కన్సల్టెన్సీ చెప్పిన రెండు ప్లస్ రెండు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం మన యూనివర్సిటీ విదేశీ యూనివర్సిటీతో కలిసి నడపగలిగేవి మూడు రకాలు. ట్విన్నింగ్‌లో డిగ్రీ ఇచ్చేది మన యూనివర్సిటీ ఒక్కటే, విదేశంలో చదివే క్రెడిట్లు 30 శాతం మించకూడదు. జాయింట్ డిగ్రీలో రెండు సంస్థల ముద్రలతో ఒకే సర్టిఫికెట్, ఒక్కోచోట కనీసం 30 శాతం క్రెడిట్లు. డ్యూయల్ డిగ్రీలో రెండు సంస్థలూ విడివిడిగా డిగ్రీలు ఇస్తాయి, మన దగ్గర కనీసం 30 శాతం చదవాలి. విదేశీ యూనివర్సిటీ ప్రపంచ ర్యాంకింగ్‌లలో మొదటి వెయ్యిలో ఉండాలి. లా లాంటి వృత్తి కోర్సులకయితే సంబంధిత కౌన్సిల్ అనుమతి ముందే తీసుకోవాలి.

ఈ కొలతతో మీకు చెప్పింది చూడండి. నాలుగేళ్లలో సగం విదేశంలో అంటున్నారు, కాబట్టి అది ట్విన్నింగ్ కాదు. రెండు డిగ్రీలంటున్నారు, కాబట్టి డ్యూయల్ అయి ఉండాలి. అప్పుడు మన వైపు ఇచ్చే డిగ్రీ ఏమిటి? బార్ కౌన్సిల్ లెక్కలో ఇంటర్ తర్వాత లా అంటే అయిదేళ్లు, ఇదేమో నాలుగు. కాబట్టి మన వైపు వచ్చేది బహుశా బీఏ లాంటిది, ఎల్‌ఎల్‌బీ బ్రిటన్ వైపుది. ఆ ఎల్‌ఎల్‌బీలో లా చదివిన కాలం రెండేళ్లే అయితే 37వ రూలు ముందు దాని గతేమిటి? కన్సల్టెంటును కాదు, యూనివర్సిటీ రిజిస్ట్రార్‌నే రాతపూర్వకంగా అడగాల్సిన ప్రశ్న ఇది.

అడిగేటప్పుడు ఇవి కూడా కలపండి. ఈ కోర్సుకు పేరు పెట్టి బార్ కౌన్సిల్ ఇచ్చిన అనుమతి లేఖ కాపీ ఏది? కాలేజీకి ఉన్న అనుమతి చూపిస్తారు, అది చాలదు. రెండేళ్ల తర్వాత అవతలికి వెళ్లడానికి ఎన్ని మార్కులు రావాలి, రాకపోతే ఇక్కడే ఏ డిగ్రీలో కొనసాగిస్తారు? వీసా తిరస్కరిస్తే? మూడో ఏడాది ఫీజు ఇప్పటి రేటా, అప్పటి రేటా? ఇక్కడి ఏ సబ్జెక్టుకు అక్కడి ఏ మాడ్యూల్ బదులని సంతకాలైన పట్టిక ఉందా? వీసా తిరస్కరణ ప్రశ్న దగ్గరే చాలా బ్రోషర్లు మూగబోతాయి. రెండేళ్లు చదివి, అవతలికి వెళ్లలేక, ఇవతల అయిదేళ్ల కోర్సులోకి మారలేక పిల్లలు చిక్కుకునేది అక్కడే. రెండు పడవల ప్రయాణమంటే ఇదే.

బ్రిటన్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అక్కడి ఎల్‌ఎల్‌బీని కూడా ‘లాయర్ డిగ్రీ’గా అమ్ముతున్నారు. ఇంగ్లండ్‌లో సొలిసిటర్ (ఎక్కువగా కక్షిదారులకు సలహాలు, కాగితాల పని చూసే లాయర్) కావడానికి 2021 నుంచి ఎస్‌క్యూఈ అనే పరీక్ష వచ్చింది. రెండు దశలు, దానికి తోడు రెండేళ్ల పని అనుభవం. అక్కడి లా డిగ్రీ ఉండి తీరాలని లేదు. పైగా వేరే దేశంలో ఇప్పటికే అడ్వొకేట్‌గా ఉన్నవాళ్లకు ఆ రెండేళ్ల అనుభవం షరతు వర్తించదు, పరీక్షలు పాసైతే చాలు. అంటే హైదరాబాద్‌లో ఎన్‌రోల్ అయిన మీ పాప తర్వాత కావాలంటే ఇంగ్లండ్ పరీక్ష రాయగలదు. ఇంగ్లండ్ ఎల్‌ఎల్‌బీతో వచ్చిన పిల్లకు మాత్రం ఇక్కడ బ్రిడ్జి, పరీక్ష. ఇటునుంచి అటు దారి వెడల్పు, అటునుంచి ఇటు ఇరుకు. న్యూయార్క్ బార్ కూడా విదేశీ లా డిగ్రీలను మదింపు చేసి కొందరిని నేరుగా, కొందరిని అమెరికా ఎల్‌ఎల్‌ఎం తర్వాత పరీక్షకు రానిస్తుంది. కామన్ లా (పాత తీర్పులే ప్రమాణంగా సాగే ఇంగ్లిష్ తరహా పద్ధతి) దేశంలో చదివి ఉండటం అక్కడ కలిసొచ్చే అంశం. భారత్ ఆ కోవలోకి వస్తుంది, నెదర్లాండ్స్ రాదు.

ఇక్కడే చదివితే ఎక్కడ? నల్సార్ రాలేదని క్లాట్‌ను వదిలేయకండి. కౌన్సెలింగ్ రౌండ్లు జరుగుతున్నకొద్దీ ర్యాంకులు కిందికి దిగుతాయి, స్థానికుల కోటా విడిగా ఉంటుంది. విశాఖలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీతో సహా మిగతా నేషనల్ లా యూనివర్సిటీలను వరసలో పెట్టండి. ఫీజు చోటునుబట్టి ఏడాదికి సుమారు రెండున్నర నుంచి మూడున్నర లక్షలు, హాస్టలుతో కొంచెం ఎక్కువ. రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష లాసెట్ ద్వారా ప్రభుత్వ కాలేజీలో దొరికితే ఫీజు వేలల్లోనే. ఆ కాలేజీలో అంతర్జాతీయ న్యాయం కోసం చూడాల్సినవి వేరు. ఫిలిప్ జెస్సప్ మూట్ కోర్టు (నమూనా కోర్టులో వాదించే) పోటీకి ఏటా జట్టును పంపుతున్నారా? ఈ పోటీని బెంగళూరు నేషనల్ లా స్కూల్ 1999లో, 2013లో గెలిచింది. రంగంలో పేరున్నవాళ్లు జట్టు సభ్యుల రెజ్యూమెలు చూసేది ముందు దీనికోసమే. లైబ్రరీలో ట్రీటీలు, తీర్పుల డేటాబేసులున్నాయా? విదేశీ యూనివర్సిటీలో ఒక సెమిస్టర్ చదివే ఒప్పందం ఉందా, ఉంటే గత మూడేళ్లలో నిజంగా ఎంతమంది వెళ్లారు? గోడమీద వేలాడే ఒప్పందాల ఫోటోలు లెక్కకు రావు.

డబ్బు వైపునుంచి చూసినా ఈ వరసే కలిసొస్తుంది. చెవెనింగ్, ఎరాస్మస్ ముండుస్, రోడ్స్, కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్, తెలంగాణ ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి, అన్నీ పీజీకి, ఆ పైచదువులకు. ఇంటర్ తర్వాత డిగ్రీకి వెళ్లే పిల్లకు వీటిలో ఒక్కటీ వర్తించదు. విద్యానిధి కింద లా కోర్సు ఆ ఏడాది జాబితాలో ఉందో లేదో నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. స్కాలర్‌షిప్ ఏదీ రాకపోయినా ఏడాది ఎల్‌ఎల్‌ఎం ఫీజు, ఖర్చులు కలిపి యూరప్‌లో సుమారు 35 లక్షల్లో అవుతుంది. అది ఒక్కటే చూస్తే మీ బడ్జెట్‌లోపే.

జడ్జి కావాలనే కోరిక తర్వాత ఎప్పుడైనా పుడితే? జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. ఎన్‌రోల్‌మెంట్ ఆలస్యమైతే ఇదీ ఆలస్యమే.

ఇంతా చెప్పాక, మీ పాపకు ఈ చదువు నిజంగా ఇష్టమో, హేగ్ అనే పేరు ఇష్టమో తెలుసుకునే పని ఒకటి ఉంది. జాధవ్ కేసులో 2019 జులై 17న వచ్చిన తీర్పు అంతర్జాతీయ న్యాయస్థానం సైట్‌లో ఉచితంగా ఉంది. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందంలోని 36వ ఆర్టికల్ పక్కన పెట్టుకుని చదవమనండి. భారత్ ఏమడిగింది, కోర్టు ఏమిచ్చింది, ఏమివ్వలేదు, ఎందుకివ్వలేదు అన్నది సొంత మాటల్లో రెండు పేజీలు రాయించండి. ఉరిశిక్షను రద్దు చేసి విడిచిపెట్టమన్న కోరికను కోర్టు ఎందుకు ఒప్పుకోలేదన్న భాగం దగ్గర ఆమెకు కుతూహలం పెరిగితే ఈ దారి ఆమెదే. అక్కడే విసుగొచ్చి పుస్తకం మూసేస్తే తప్పేం లేదు, కానీ అది ఇంటి మీద లోను తీసుకోకముందే తెలియాలి. ఐక్యరాజ్యసమితి ఆడియోవిజువల్ లైబ్రరీలో అంతర్జాతీయ న్యాయం మీద పెద్దవాళ్ల పాఠాలు కూడా ఉచితమే. ఫ్రెంచ్ ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. అంతర్జాతీయ న్యాయస్థానపు రెండు అధికార భాషల్లో అదొకటి. అయిదేళ్లలో నిదానంగా వస్తుంది, ఎల్‌ఎల్‌ఎం ఏడాదిలో హడావుడిగా రాదు.

ఈ వారంలో చేయాల్సింది రెండు ఉత్తరాలు. ఒకటి నెదర్లాండ్స్ యూనివర్సిటీకి: ఆఫర్‌ను ఒక ఏడాది వాయిదా వేయడానికి వీలుందా అని అడగండి. ఉందంటే తొందరపడి డబ్బు కట్టే పని తప్పుతుంది. రెండోది కన్సల్టెన్సీ చెప్పిన మన యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు: పైన రాసిన ప్రశ్నలన్నీ పెట్టి, ‘ఈ కోర్సు పూర్తిచేసినవారు 37వ రూలు కింద అర్హులవుతారా’ అని అవునో కాదో చెప్పమనండి. రెండు వారాల్లో లెటర్‌హెడ్ మీద జవాబు రాకపోతే ఆ కోర్సును మీ జాబితాలోంచి కొట్టేయండి. ఈలోగా అడ్వాన్సు అడిగితే ఒక్క రూపాయి కట్టకండి.